మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదు

ఫిల్మ్ నగర్,
1993 నవంబరు 7.

ప్రియమైన అన్నయ్యకు,

లీల నమస్కారాలు. మీ షూటింగు యూనిట్ పంపిన ఫిల్మ్ డబ్బాలు పదకొండూ నిన్న పొద్దున్నే ల్యాబుకి చేరాయి. ఒక్కదానికీ సొట్ట పడలేదు. ఆ మాట కెమెరామెన్‌గారికి చెప్పు, ఈ రాత్రికి నిద్రపోతారు. ఖాళీ డబ్బాలతో పాటు ఈ ఉత్తరం నీ చేతికి వస్తుంది. మీరున్న అడవిలో ఫోను లేకపోవడం ఈసారి నాకు కలిసొచ్చింది. ఫోనులో అయితే సంగతి సగం చెప్పేలోపే నువ్వు అందుకుని, మిగతా సగం నువ్వే చెప్పేవాడివి.

నేనొక సైకిలు పోటీకి పేరిచ్చాను. పోటీ అంటే ఒకళ్ళనొకళ్ళు దాటుకుపోయే రకం కాదు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, సూర్యాపేట దాకా వెళ్ళి, రాత్రి పదకొండులోపు మళ్ళీ అదే చెక్‌పోస్టుకి తిరిగి రావాలి. మొత్తం మూడు వందల కిలోమీటర్లు. టైముకి వచ్చినవాళ్ళంతా గెలిచినట్టే. జనవరి ఇరవై మూడు, ఆదివారం.

నవ్వకు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అని వదినతో అనకు. బోరబండ నుంచి ల్యాబుకి ఆరేళ్ళుగా సైకిలు మీదే వస్తున్నాను. మొదట్లో దిగి తోసుకుంటూ ఎక్కిన గట్టు ఇప్పుడు సీటు మీంచి లేవకుండా ఎక్కుతున్నాను. అక్కడే ఒకరోజు ఈ క్లబ్బు సెక్రటరీ సత్యనారాయణమూర్తిగారు కనిపించి, నన్ను ఆపి, పేరడిగారు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. ఇప్పటికీ మెడలో ఈల ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, జాగ్రత్తగా చదువు. ఈ పోటీలో ఎవరూ ఎవరికీ సాయం చేయకూడదు. వెనకాల బండి రాకూడదు. తెలిసినవాళ్ళు దారిలో నిలబడి తిండి కాదు కదా, మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదు. దారిలో కొట్టు కనిపిస్తే అందరిలాగే డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. పంక్చరైతే ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. నిబంధనల కాగితంలో ఆరోది ఇలా ఉంది: "పోటీదారు కోసం ఎవరు ఎక్కడ ఏ ఏర్పాటు చేసినా, పోటీదారుకు తెలిసినా తెలియకపోయినా, ఆ పోటీదారు పేరు కొట్టివేయబడును."

నిన్ను తలుచుకునే ఆ ఆరోదాన్ని పూర్తిగా ఎత్తి రాశాను.

నీ చెల్లెలు,
లీల.

---

మారేడుమిల్లి,
నవంబరు 15.

చిరంజీవి లీలకు,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి లేదు. ఇద్దరు లైట్‌మెన్‌కి మలేరియా, హీరోగారికి జలుబు. ఇందులో కంపెనీకి కష్టమైనది జలుబే. వానల వల్ల మూడు రోజులు కెమెరా మీద కప్పిన గుడ్డ తీయలేదు. నూటపదిమందికి మూడుపూటలా వండి పెట్టడం మాత్రం ఆగలేదు, ఆగదు కూడా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ గార్డుగారు మంచివారే అయ్యుంటారు గానీ, ఆయన రాసిన కాగితం మాత్రం నాకు మింగుడు పడలేదు. ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగమేమిటి? ఎండలో నిలబడ్డ మనిషి నెత్తిన గొడుగు పట్టించడం, నోరెండకముందే గ్లాసు అందించడం, అలిసిన చోట కుర్చీ వేయించడం. పరాయివాళ్ళకి చేశాను ఇదంతా. సీనులో రెండు ముక్కలు కూడా పలకలేని హీరోలకి చేశాను. నా చెల్లెలు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రోడ్డు మీద కష్టపడుతుంటే నేను చేతులు ముడుచుకుని ఊళ్ళో కూర్చోవాలి. బాగుంది.

వద్దనడం లేదు. నేను వద్దంటే నువ్వు మానేదానివైతే ఆ బోరబండ కిరాయి గది మానేసి మా ఇంట్లోనే ఉండేదానివి. కాకపోతే ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఏ ఊరికి ఎన్నింటికి చేరతావు? ఎక్కడెక్కడ ఆగుతావు? ఎండ ముదిరే వేళకి ఏ ఊళ్ళో ఉంటావు? అన్నగా ఆమాత్రం తెలిసి ఉండాలి గదా.

మజ్జిగ ఎక్కువ తాగు. వదిన పంపిన సున్నుండలు పక్కింటివాళ్ళకి పంచిపెట్టకుండా నువ్వే తిను.

ఇట్లు,
నీ అన్నయ్య
త్రినాథరావు.

---

ఫిల్మ్ నగర్,
డిసెంబరు 12.

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు ఊరికే ఏదీ అడగవని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, దాచడానికి ఏముంది. చౌటుప్పల్‌కి ఏడింటికల్లా, నకిరేకల్లుకి పదకొండున్నరకి, సూర్యాపేటకి ఒకటిన్నరకి చేరాలని నా లెక్క. తిరిగొచ్చేటప్పుడు లెక్క ఉండదు, కాళ్ళు ఎంత మిగిలుంటే అంత.

ప్రతి ఆదివారం సాధన చేస్తున్నాను. మొన్న చౌటుప్పల్ దాకా వెళ్ళి వచ్చాను. తిరిగి వస్తుంటే పంజగుట్ట దాటాక బంజారా హిల్స్ ఎక్కుడు మొదలైంది, ప్రాణం పోయిందనుకున్నాను. పక్కనుంచి స్టూడియో వ్యాన్లు పొగ మొహాన కొట్టి పోతున్నాయి. ఒక వ్యానులో మీ పాత మేకప్‌మ్యాన్ ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, బండి ఆపించి, సైకిలు పైకెక్కించమన్నాడు. "త్రినాథరావుగారి చెల్లెలు ఇలా సైకిలు తొక్కుతుంటే చూస్తూ ఎలా పోతామమ్మా" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ గట్టు కంటే ఆ మాట బరువనిపించింది.

అన్నయ్యా, ఇది కోపంతో రాయడం లేదు. ల్యాబులో ఉద్యోగం నీ మాట మీద వచ్చింది. గది నీ మాట మీద దొరికింది. గ్యాసు కనెక్షను, రేషను కార్డు, ఆఖరికి నా కళ్ళజోడు కూడా నీకు తెలిసిన డాక్టరు తగ్గించి ఇచ్చినదే. పదహారేళ్ళుగా నెగటివ్ కట్ చేస్తున్నాను. తెల్ల గ్లౌజులు వేసుకుని, ఫిల్మ్ అంచు మీది నంబర్లు చూసి, ఒక్కసారి కత్తెర వేస్తే మళ్ళీ అతకడానికి ఉండదు. అంత పని చేసినా, తప్పు దొర్లకపోతే త్రినాథరావుగారి చెల్లెలు గదా అంటారు. నాకంటూ చేసిందేదో ఒక్కటి కావాలి. టైముకి చేరినవాళ్ళకి మూర్తిగారు ఇచ్చే కార్డు మీద దారిలోని నాలుగు ఊళ్ళ ముద్రలుంటాయి, కింద నా పేరుంటుంది. దాని వెనక ఎవరి మాటా ఉండదు. అదే నాకు కావలసింది.

కాబట్టి నాకు మాట ఇవ్వు.

లీల.

---

మారేడుమిల్లి,
డిసెంబరు 20.

చిరంజీవి లీలకు,

మాట ఇస్తున్నాను. కంపెనీ బండి గానీ, కంపెనీ మనిషి గానీ ఆ రోజు ఆ రోడ్డు మీద కనిపించరు. నేనూ రాను, రావాలన్నా షెడ్యూలు వదలదు.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. కళ్ళజోడు సంగతి నాకు గుర్తే లేదు.

త్రినాథరావు.

---

బోరబండ,
1994 జనవరి 26.

ప్రియమైన అన్నయ్యకు,

వచ్చేశాను. రాత్రి పదీ ముప్ఫై అయిదుకి చెక్‌పోస్టు దగ్గర దిగాను. దిగాను అంటే సైకిలు ఆగింది, నేను పక్కకి ఒరిగాను, మూర్తిగారు ఈల వేశారు. పాతికమంది బయల్దేరితే పదిహేడుమందిమి టైముకి చేరాం. ఇరవై అయిదు నిమిషాలు మిగుల్చుకున్నాను. ఇవాళ సెలవు కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. నిన్న ల్యాబులో మెట్లు వెనక్కి తిరిగి దిగితే అందరూ నవ్వారు.

నీకు అన్నీ చెప్పాలని ఉంది. మలక్‌పేట దాటేదాకా చీకట్లో కుక్కలు తరిమాయి, ఆ భయంతో మొదటి గంట నా లెక్క కంటే ముందే ఉన్నాను. చౌటుప్పల్ దగ్గర తెల్లారింది. పొలాల మీద మంచు చూసి ఎందుకో ఏడుపొచ్చింది, బాధతో కాదు. చిట్యాల దగ్గర మొదటి పంక్చరు. పదకొండు నిమిషాల్లో వేశాను. నకిరేకల్లుకి చేరేసరికి ఆకలితో కళ్ళు బైర్లు కమ్మాయి. అక్కడ ఒక హోటలాయన, "అన్నం ఇంకా కాలేదమ్మా, అరగంట పడ్తది" అన్నాడు. పదకొండు ముప్పావైనా పొయ్యి మీద అన్నం లేని హోటలు నేనెక్కడా చూడలేదు. అరగంట ఆగితే నా లెక్క తప్పుతుంది. నాలుగు అరటిపళ్ళు కొనుక్కుని కదిలాను. సూర్యాపేటలో తిన్నాను, ఏం తిన్నానో గుర్తులేదు. తిరుగు దారిలో ఎదురుగాలి. నార్కెట్‌పల్లి దగ్గర ఒక మైలురాయి మీద కూర్చుని, ఇక లేవనేమో అనుకున్నాను. ఎవరూ లేవమనలేదు. ఎవరూ రమ్మనలేదు. నేనే లేచాను. అన్నయ్యా, ఆ లేవడం ఎంత బాగుందో నీకు ఎలా చెప్పను.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

మాలో ఇంకొక ఆడమనిషి ఉంది, పేరు తెరెసా. బంజారా హిల్స్ ఆసుపత్రిలో నర్సు. ఆఖరి వారంలో పేరిచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది, నాకంటే బాగా తొక్కుతుంది. నా కంటే గంట ముందు చేరింది. ఆమె కార్డు మూర్తిగారు తన దగ్గరే ఉంచేసుకున్నారు. స్కూటరు మీద దారి చూడటానికి వెళ్ళిన క్లబ్బు మనిషి నకిరేకల్లులో ఆమెని చూశాడట. రోడ్డు పక్కన కుర్చీ వేసి ఉంది. ఒకాయన ఆమె నెత్తిన గొడుగు పట్టి నిలబడ్డాడు. తడిపిన తువ్వాలు, మెత్తటి పెరుగన్నం, చక్కెర లేకుండా ఉప్పు వేసిన నిమ్మరసం. వదులైన పెడలు కూడా ఆయనే బిగించాడట. డబ్బిస్తే తీసుకోలేదట. క్లబ్బువాళ్ళే ప్రతివాళ్ళకీ ఇలా పెట్టిస్తున్నారనుకున్నానని తెరెసా చెబుతోంది. ఎవరూ నమ్మడం లేదు. ముందుగా ఏర్పాటు చేయించుకుని అబద్ధమాడుతోందంటున్నారు. పాపం ఆ పిల్ల చెక్‌పోస్టు దగ్గర అందరి ముందూ ఏడ్చింది.

అన్నయ్యా, ఆగిన మనిషి నెత్తిన గొడుగు పట్టడం నకిరేకల్లు హోటళ్ళ ఆచారం కాదు. నిమ్మరసంలో చక్కెర వేసుకోనిది నేను. ఎవరిని అడగాలో నాకు తెలుసు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. అది నువ్వేనా?

లీల.

---

మారేడుమిల్లి,
ఫిబ్రవరి 2.

చిరంజీవి లీలకు,

నేనే.

పదేళ్ళ కిందట మా యూనిట్‌లో వంట చేసిన భిక్షం ఇప్పుడు నకిరేకల్లులో హోటలు నడుపుతున్నాడు. కంపెనీ మనిషి కాడు గదా, మాట తప్పినట్టు కాదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. షూటింగుకి ఎన్నింటికి ఏం కావాలో కాల్‌షీటు రాసినట్టే రాసి పంపాను. పదకొండున్నరకి వస్తుంది, కుర్చీ, గొడుగు, తువ్వాలు, విడిగా వండిన పెరుగన్నం, ఎవరు పంపారో చెప్పకూడదు. అతను నిన్ను ఎప్పుడూ చూడలేదు. గుర్తేమిటని అడిగితే, "సైకిలు మీద వచ్చే ఆడమనిషి, అంతమందిలో ఒక్కతే ఉంటుంది" అని రాశాను. ముప్ఫై ఏళ్ళు సినిమాల్లో ఉన్నవాణ్ణి, కథలో హీరోయిన్ ఒక్కతే ఉంటుందనుకున్నాను. ఇద్దరుంటారని నా బుర్రకి తట్టలేదు.

నీ ఉత్తరం రాగానే రాజమండ్రి వెళ్ళి భిక్షానికి ట్రంకాల్ చేశాను. నేను కేకలేస్తే అతను శాంతంగా, "సార్, ఒక్కామె వస్తదన్నరు, వచ్చింది, మర్యాద జేసిన. వెనక ఇంకొకామె వస్తదని నాకెవరు జెప్పిండ్రు?" అన్నాడు. ఆ వెనక వచ్చినామెకి అన్నం ఎందుకు లేదని అడిగాను. మీ చెల్లె కోసం విడిగా వండిన సార్, హోటల్ అన్నం జర ఆలస్యమైంది అన్నాడు. నా ఏర్పాటు వల్లనే నువ్వు ఆ రోజు అన్నం లేకుండా పోయావు.

అయిందేదో అయింది, దీన్ని సర్దగలను. మీ క్లబ్బుకి కప్పులిచ్చే ప్రొడ్యూసరుగారు నాకు బాగా తెలుసు. ఆయన చేత మూర్తిగారికి ఒక మాట చెప్పిస్తాను. ఎవరో అభిమాని ఫలానావాళ్ళ కోసమని కాకుండా చేసిన పని, ఆ నర్సమ్మకి తెలియదు అంటే సరిపోతుంది. నీ పేరు ఎక్కడా రాదు. నీ కార్డు నీకుంటుంది, ఆమె కార్డు ఆమెకిస్తారు. నువ్వు ఏమీ మాట్లాడకు.

నీ అన్నయ్య.

---

బోరబండ,
ఫిబ్రవరి 9.

అన్నయ్యకు,

నువ్వు ఏమీ మాట్లాడకు అన్నది రెండు రోజులు పాటించాను. ఆ రెండు రోజులూ కార్డు బల్ల మీద పెట్టుకుని చూశాను. నాలుగు ముద్రలు, కింద నా పేరు. నువ్వు చెప్పిన అభిమాని మాట నాకూ తోచింది, అబద్ధం ఆడను. ఆ మాటతో అందరికీ బాగయ్యేదే. కానీ అది కూడా నువ్వు చేయించినదే అవుతుంది గదా. ఈ కార్డు కింద మళ్ళీ నీ మాటే ఉండేది.

ఆదివారం మూర్తిగారింటికి వెళ్ళాను. తెరెసాని కూడా రమ్మన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, నీ ఉత్తరం చూపించాను. తెరెసా అంతా విని, ఆ నిమ్మరసం చాలా బాగుందని మాత్రం అంది, ముగ్గురం నవ్వబోయి ఆగాం. మూర్తిగారు ఆమె కార్డు ఆమెకిచ్చేశారు. ఆమె కోసం ఎవరూ ఏర్పాటు చేయలేదు కాబట్టి ఆరో నిబంధన ఆమెకి వర్తించదన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు.

"మీరు మూడు వందల కిలోమీటర్లూ ఎవరి సాయం లేకుండా తొక్కారు. ఆ సంగతి ఇప్పుడు నాకు అందరికంటే బాగా తెలుసు. అయినా ఈ కార్డు మీ దగ్గర ఉంచలేనమ్మా" అన్నారు.

ఇచ్చేశాను. వాళ్ళ పుస్తకంలో నా పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టారు. స్కేలు పెట్టి తిన్నగా కొట్టారు.

నేను అక్కడ ఏడవలేదు. ఇంటికి వచ్చి ఏడ్చాను. నువ్వు చెడ్డవాడివైతే నాకు సులువుగా ఉండేది. నిన్ను తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా ఒక్క పనీ నువ్వు చెడగొట్టావు, అది కూడా పెరుగన్నం పెట్టి చెడగొట్టావు. నేను ఎవరి మీద కోప్పడాలి?

కొన్నాళ్ళు నాకు ఉత్తరాలు రాయకు.

లీల.

---

మారేడుమిల్లి,
ఫిబ్రవరి 17.

లీలకు,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటీ రాసి ఆపేస్తాను.

అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు, నాకు ఇరవై ఒకటి. మద్రాసులో షూటింగుల్లో ప్లేట్లు ఎత్తే పని చేసేవాణ్ణి. యూనిట్ అందరూ తిన్నాక మిగిలింది డబ్బాలో పోసుకుని పరిగెత్తుకుంటూ గదికి వచ్చేవాణ్ణి. నువ్వు గుమ్మంలో కూర్చుని ఉండేదానివి. నీకు ఇవాళ అన్నం దొరుకుతుందా లేదా అన్న భయం నాలో ఎక్కడో అప్పుడే పాతుకుపోయింది. నీకు ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా అది పోలేదు. ఇది సాకు కాదు. కారణం చెప్పానంతే. తప్పు నాదే.

అన్నయ్య.

---

ఫిల్మ్ నగర్,
1995 జనవరి 25.

చిరంజీవి లీలకు,

రెండు మైళ్ళ దూరానికి ఉత్తరం రాస్తున్నానని వదిన నవ్వుతోంది. ఏడాదిగా నువ్వు పండగలకీ పబ్బాలకీ ఇంటికి వస్తూనే ఉన్నావు. వదిన పెట్టింది తింటున్నావు, నాతో ల్యాబు సంగతులు మాట్లాడి వెళ్ళిపోతున్నావు. ఈసారి పోటీకి మళ్ళీ పేరిచ్చావని వదిన ద్వారానే తెలిసింది. నాకెందుకు చెప్పలేదని అడగలేదు, అడిగే మొహం లేదు.

ఈ సంగతి ఎదురుగా చెబితే మధ్యలో ఆగిపోతానని రాస్తున్నాను. మొన్న ఆదివారం నేను కట్టంగూరులో ఉన్నాను.

ఏర్పాటు ఏమీ చేయలేదు, నమ్ము. పొద్దున బస్సెక్కి ఒక్కణ్ణే వెళ్ళాను. చేతిలో సంచి కూడా లేదు. ఒక్కసారి నిన్ను సైకిలు మీద చూడాలనిపించింది. ఇంతవరకూ చూడనే లేదు గదా. బస్టాండు ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాను. పదిన్నరకి నువ్వు వెళ్ళడం చూశాను. తల వంచుకుని, ఎవరినీ చూడకుండా పోతున్నావు. అంత నిబ్బరంగా నిన్ను ఎప్పుడూ చూడలేదు. అప్పుడే లేచి బస్సెక్కాల్సింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకొక్కసారి చూసి పోదామని కూర్చున్నాను.

నాలుగున్నరకి వచ్చావు. వెనక చక్రం గాలి పోయి, తోసుకుంటూ వచ్చావు. రోడ్డుకి అవతల, ఆగి ఉన్న లారీ పక్కన సైకిలు బోర్లా తిప్పి, ట్యూబు బయటికి లాగి, అతుకు వేశావు. గాలి కొట్టావు, పది గజాలు వెళ్ళావు, మళ్ళీ పోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టావు. మళ్ళీ పోయింది.

లీలా, టీ కొట్టులో కూర్చున్నా నాకు తెలుస్తూనే ఉంది. ముల్లు టైరులోనే ఉండిపోయింది. నువ్వు ట్యూబు అతికిస్తున్నావు గానీ టైరు లోపల వేలు పెట్టి తడమడం లేదు. ఒక్క మాట. "టైరు చూడు" అంటే చాలు, అయిపోయేది. రెండుసార్లు లేచి రోడ్డు అంచు దాకా వెళ్ళాను. రెండోసారి కొట్టాయన, "ఏంది పెద్దాయనా, జర కూసోరాదు" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే అలా కూర్చున్నాను, చిన్నపిల్లాడిలా. నువ్వు కొంగుతో మొహం తుడుచుకున్నావు. ఏడుస్తున్నావేమో నాకు తెలియదు. నేను మాత్రం ఏడ్చాను.

మూడోసారి నీకే తట్టింది. టైరు తిప్పి, వేలితో వెతికి, ముల్లు పీకి రోడ్డవతలికి విసిరేశావు. యాభై నిమిషాలు పోయాయి.

రాత్రి పదకొండూ పద్నాలుగుకి చేరావని తెరెసా వదినకి ఫోను చేసి చెప్పింది. పద్నాలుగు నిమిషాలు ఆలస్యం. నేను నోరు విప్పి ఉంటే నువ్వు అరగంట ముందే చేరేదానివి. కార్డు వచ్చేది. పోయినసారి వేలు పెట్టి నీ కార్డు పోగొట్టాను. ఈసారి వేలు పెట్టక పోగొట్టాను. మూడు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. నేను చేసింది సరైనదేనా? నా జన్మలో ఏమీ చేయకుండా కూర్చున్నది ఆ యాభై నిమిషాలే. అంత కష్టమైన పని నేను ఏ షూటింగులోనూ చేయలేదు.

నీ అన్నయ్య
త్రినాథరావు.

---

బోరబండ,
జనవరి 28.

ప్రియమైన అన్నయ్యకు,

నిన్ను చూశాను.

రెండో అతుకు వేస్తుండగా చూశాను. టీ కొట్టులో చేతులు తొడల కింద పెట్టుకుని ఉన్నావు. నీ మొహం చూడగానే నేనేదో తప్పు చేస్తున్నానని తెలిసిపోయింది. ఇంకొక్క నిమిషం చూసి ఉంటే ఏం తప్పో కూడా తెలిసేది. నీ కళ్ళు టైరు మీదే ఉన్నాయి, దాచుకోవడం నీకు ఎప్పుడు చేతనైంది గనక? అందుకే నీకు వీపు చేసి, లారీ వైపు తిరిగి కూర్చున్నాను. నువ్వు నోరు మూసుకోవడానికి ఎంత కష్టపడ్డావో, నేను తల తిప్పకుండా ఉండటానికి అంత కష్టపడ్డాను. మొహం తుడుచుకున్నది చెమటకి కాదు.

పిలవాలనిపించింది. పిలిస్తే వచ్చేస్తావని పిలవలేదు.

చెక్‌పోస్టు చేరేసరికి అందరూ వెళ్ళిపోయారు. మూర్తిగారు, తెరెసా ఇద్దరే ఉన్నారు. తెరెసా నా కంటే ముందే ఏడ్చేసింది. మూర్తిగారు గడియారం చూసి, పుస్తకం తెరిచి, నల్లసిరాతో రాశారు. "లీలాకుమారి. మూడు వందల కిలోమీటర్లు. పద్నాలుగు నిమిషాలు ఆలస్యం." కార్డు రాలేదు. గీతా పడలేదు. ఆ లైను నేను రెండుసార్లు చదివాను. అందులో పేరు నాది, దూరం నాది, ఆలస్యం కూడా నాదే. ఎవరూ పంచుకోవడానికి లేదు. ఇంటికి సైకిలు నడిపించుకుంటూ వచ్చాను, కాళ్ళు లేవు గానీ మనసు తేలిగ్గా ఉంది.

నువ్వు చేసింది సరైనదేనా అని అడిగావు. అన్నయ్యా, నా చిన్నప్పటి నుంచి నువ్వు నాకు చేసిన వాటన్నిట్లోకీ నేను అడిగి చేయించుకున్నది అదొక్కటే.

ముద్ద దిగడం లేదంటున్నావు గదా. ఆదివారం మధ్యాహ్నం నువ్వూ వదినా భోజనానికి మా గదికి రండి. వంట నేనే చేస్తాను. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని చెప్పు, అంతేగానీ లేచి వంటింట్లోకి రాకు. ఇంకొక మాట. చేతులూపుకుంటూ రా.

నీ చెల్లెలు,
లీల.